విచ్చుకుపోయిన చుక్కలు

మా చిన్నమ్మ పోయిన శుక్రవారం ఉదయం కువైట్‌లో సబ్హాన్ దగ్గరి తన గదిలో చనిపోయింది. గుండెపోటు. టీ పోసుకుని తాగకుండానే ఒరిగిపోయిందని పక్క గదిలో ఉండే రాయచోటి ఆమె ఫోన్ చేసింది. చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. ఇరవై రెండేళ్లు కువైట్ ఇళ్లలో వంట చేసింది. నేను ఇక్కడే తెలుగు పత్రిక విలేకరిని. ఆమె మంచితనం గురించి చాలామంది చెప్పారు. నేను జరిగింది చెబుతాను.

చిన్నమ్మ మొదట పనిచేసింది ఫిన్లాండ్ దంపతుల ఇంట్లో. ఆ ఇల్లాలు క్రిస్మస్‌కు యోలుతోర్తు అనే తీపి వంటకం చేసేది. వెన్న మడతలు పెట్టిన పిండిని పలకలుగా కోసి, ప్రతి పలకకూ నాలుగు మూలల నుంచి మధ్యకు గాట్లు పెట్టి, ఒక కొస విడిచి ఒక కొసను నడుమకు మడిస్తే నక్షత్రం అవుతుంది. మధ్యలో ఆల్‌బుఖారా జామ్. ఓవెన్‌లో పొంగాక పైన చక్కెర పొడి. చిన్నమ్మ వాటిని చుక్కలు అనేది. ఇక్కడి వేడికి వెన్న కారిపోతుందని వంటగది ఏసీని పదహారుకు దించి, శాలువా కప్పుకుని మడిచేది. "ఈ పిండికి చలి గావల్ల, నాకు ఎండ గావల్ల. మా ఇద్దరికీ కాపురం కుదర్దు" అని నవ్వేది.

ఆ దంపతులు దేశం విడిచి వెళ్లాక చిన్నమ్మ ఒక కువైటీ మామా ఇంట్లో చేరింది. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు. మామా ఏటా డిసెంబరులో ఈ చుక్కలను డబ్బాల్లో సర్ది ఆఫీసులకు అమ్మేది. డబ్బా మీద 'నా చేతి వంట' అని అరబ్బీలో అచ్చు వేయించింది. చిన్నమ్మకు నేనే చదివి చెప్పాను.

"రాసుకోనీలేరా. తినేటోళ్లు అట్టపెట్టెను తింటారా?" అంది.

ఆరేళ్ల కిందట డిసెంబరులో మా చిన్నాయన ఊళ్లో చనిపోయాడు. చిన్నమ్మ పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. నేను వెళ్లి అడిగాను. అప్పుడే పనిలో చేరిన శ్రీలంక ఆమెను మామా చూపించింది. "ఆర్డర్లున్నాయి. ఈమెకు చుక్కలు నేర్పించాలి. నేర్పిస్తే ఖలాస్, వెళ్లొచ్చు" అంది. "ఆమె భర్త చనిపోయాడు" అని మళ్లీ చెప్పాను. "విన్నాను" అంది.

సర్దుకున్న సంచీని వంటగది గుమ్మంలో పెట్టుకుని చిన్నమ్మ రెండు రోజులు చుక్కలు మడిచింది. మామా పక్కనే నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకుంది. ఊళ్లో శవాన్ని రెండు రోజులు ఫ్రీజర్ పెట్టెలో ఉంచి, ఇక ఆగలేక మట్టి చేశారు. చిన్నమ్మ ఆ మర్నాడు చేరింది.

అదే వారం మామా ఓవెన్‌లో చుక్కలు విచ్చుకుపోయాయి. మడిచిన కొసలన్నీ లేచి, జామ్ కారి మాడింది. ట్రే తర్వాత ట్రే. ఈ సంగతి శ్రీలంక ఆమెనే అడిగి నిర్ధారించుకున్నాను. ఆ ఏడాది డబ్బాలు బయటికి పోలేదు.

చిన్నమ్మ వేరే కఫీల్ కింద, అంటే వేరే యజమాని వీసా మీద, తిరిగి వచ్చాక అడిగాను. "ఏం దాచినావు చిన్నమ్మా?"

"ఏమీ దాయలేదురా. ఆయమ్మ కండ్ల ముందరే చేసినా. నా మొగుని మొగం నాకు సూసేదానికి లేకపాయ. ఆయమ్మ సూసి గూడా సూడల్యా. సరికి సరి."

ఆమెకు సరిపోయింది. నాకు సరిపోలేదు.

మొన్న ఆదివారం చిన్నమ్మ గదిలో చాప పరుచుకుని కూర్చున్నాం. మామా పరామర్శకు వచ్చింది. చేతిలో డబ్బా. మూత తీస్తే, ఆరేళ్ల తర్వాత కూడా, కొసలన్నీ విచ్చుకుని ఉన్నాయి. రాయచోటి ఆమె తొంగి చూసింది. "ఏంటివి? ఉతికి ఆరేసిన గుడ్డల మాదిరి ఉండాయి!" అంది. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు.

మామా నన్ను పక్కకు పిలిచి ఫోన్‌లో ఆ పాత వీడియో తెరిచింది. "మంచి చెయ్యి. అల్లా కరుణించాలి. ఇందులో ఏం తక్కువైందో నువ్వు చూసి చెప్పు" అంది, వచ్చీరాని హిందీలో.

చూశాను. చిన్నమ్మ ప్రతి చుక్కకూ ముందు వేలిని పక్కనున్న గిన్నెలో ముంచుతోంది. ఆ తడివేలితో పిండి నడుమ తాకి, కొసలు తెచ్చి అక్కడ గట్టిగా నొక్కుతోంది. తడి లేకపోతే పిండి అంటుకోదు. అంతే. చేతులు కడుక్కునే గిన్నె అనుకుని ఉంటారు.

"అంతా ఇందులోనే ఉంది మేడమ్. ఏమీ తక్కువ కాలేదు" అన్నాను. అబద్ధం చెప్పలేదు.

పోయినవాళ్ల పేరున క్షమించాలని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నేను క్షమించలేదు. ఇది పత్రికలో వేశాను కనుక కువైట్‌లో తెలుగు చదవగలిగిన వంటమనుషులందరికీ తడివేలి సంగతి ఇప్పుడు తెలిసింది. మీరు చేయండి, మీ చేతి వంటని చెప్పి అమ్ముకోండి. మామాకు తెలుగు రాదు.

ఆ ఆదివారం మామా చిన్నమ్మ మంచం అంచున కూర్చుని వీడియోను మళ్లీ మొదటి నుంచి పెట్టింది. తెరను వేళ్లతో లాగి, కత్తి గాట్లు పెట్టే చోటును పెద్దది చేసుకుంది. గిన్నె తెర అంచు దాటి బయటికి పోయింది. చిన్నమ్మ చెయ్యి మాత్రం అటు వెళ్లి వస్తోంది, వెళ్లి వస్తోంది.