బుల్లిరాజు గారి పదమూడో వారం

మా పక్కింటి బుల్లిరాజు గారికి ఒకటే జబ్బు, టీవీలో జరగబోయేది ముందే చెప్పేయడం. పెద్దాపురం చేనేత సొసైటీలో గుమాస్తా ఆయన. ఆఫీసు తాళాలు ఎక్కడ పెట్టారో గుర్తుండదు గానీ, పదేళ్ల కిందట దూరదర్శన్‌లో వచ్చిన ఓ పదమూడు వారాల సీరియల్ మాత్రం తుమ్ములతో సహా కంఠతా వచ్చు.

తొంభై ఎనిమిదిలో ఆ సీరియల్‌నే ఆదివారం మధ్యాహ్నాలు మళ్లీ వెయ్యడం మొదలెట్టారు. మా చావుకొచ్చింది. వీధంతా మా హాల్లో చేరేది. ఆయన మా నాయనమ్మ సుబ్బాయమ్మ కుర్చీ పక్కనే పీట వేసుకుని అందుకునేవారు.

"సవతి తల్లి వస్తుందండి. చేతిలో గ్లాసు. పాలండి. విషం కలిపేసింది."

"అబ్బా, చూడనివ్వండి అన్నయ్య గారూ!" అనేది మా అమ్మ అచ్చాయమ్మ.

"చూడమ్మా, ఎవరొద్దన్నారు? ఆ పాలు పిల్లి తాగేస్తుంది."

పాపం పిల్లి తెర మీదకి రాకముందే చచ్చిపోయేది. ఆయన ప్రకటనల్నీ వదిలేవారు కాదు. "ఇప్పుడు బకెట్లో నురగొస్తుందండి" అనేవారు. వార్తలప్పుడు మాత్రం ముందే తెలియదు కాబట్టి, మొహం మాడ్చుకు కూర్చునేవారు.

పన్నెండో వారం హంతకుడు ముసుగు తియ్యబోతుండగా "వంటవాడేనండి" అనేశారు. ఎదురింటి తబిత టీచరు ఏడ్చినంత పని చేశారు. అమ్మకి ఒళ్లు మండిపోయింది.

"దణ్ణం పెడతాను అన్నయ్య గారూ, వచ్చే వారం మీరు రాకండి."

"అయ్యో, ఆఖరి భాగం చెల్లెమ్మా!"

"అందుకేనండి."

నాయనమ్మ మొహం వాడిపోయింది. నాకు విచిత్రంగా అనిపించింది. ఆ వాగుడంతా పడింది ఆవిడ చెవిలోనే కదా మరి!

పదమూడో వారం పాట మొదలైందో లేదో, టప్పున బొమ్మ పోయింది. మాటలు వస్తున్నాయి, తెరంతా నలుపు. నాన్న టీవీ నెత్తిన రెండు మొట్టికాయలు వేశారు. యాంటెనా నాలుగు దిక్కులా తిప్పారు. లాభం లేదు. జనం గోల గోల.

"ఎందుకర్రా ఆ అరుపులు? కూర్చుని చూడండి, బాగానే వస్తోందిగా!" అని విసుక్కుంది నాయనమ్మ.

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. అమ్మ మెల్లగా ఆవిడ ముందుకెళ్లి చెయ్యెత్తింది. "అత్తయ్యా, ఇవెన్ని వేళ్లు?"

"బుల్లిరాజుని పిలు, చెప్తాడు" అంది నాయనమ్మ, తల పక్కకి తిప్పేసుకుని.

నేనే పరిగెత్తి తీసుకొచ్చాను. ఆయన తల గోక్కున్నారు.

"శుక్లాలండి. తెలిస్తే పొయ్యి దగ్గరకి రానివ్వరని పిన్నిగారి భయం. నాచేత ఒట్టేయించుకున్నారు. టీవీలో వాళ్ల మాటల మీద నేను మాట్లాడితే ఆవిడకి వినబడదు కదండీ, అందుకని ముందే చెప్పేసేవాణ్ణి."

రెండు నెలలుగా చారులో పంచదార ఎందుకు పడుతోందో అప్పుడర్థమైంది. ఇంట్లో ఉండి కనిపెట్టలేకపోయామని మాకందరికీ సిగ్గేసింది. అయినా సిగ్గుపడే తీరికెక్కడ, అవతల సీరియల్ అయిపోతుంటే!

"ఇప్పుడేమవుతుందో చెప్పండి అన్నయ్య గారూ, త్వరగా!" అంది అమ్మ.

ఆయన పీట లాక్కున్నారు. వీధి వీధంతా నల్ల తెర కేసి నోళ్లు తెరుచుకుని చూసింది.

కాకినాడలో నాయనమ్మకి ఆపరేషనైంది. రెండు నెలలకి కొత్త కళ్లజోడుతో టీవీ ముందు కూర్చుంది. ఇంకో పాత సీరియల్ మొదలైంది. బుల్లిరాజు గారు నోరు కట్టేసుకుని కూర్చున్నారు, పాపం.

నాయనమ్మ ఐదు నిమిషాలు చూసింది.

"ఓస్, ఇంతేనా?" అని కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది. "నువ్వు చెప్పు నాయనా."