మూడో ఛాంబర్లో పచ్చచుక్క

గుంటూరు జిల్లాలోకెల్లా చదువుకున్న ముక్కు కోటేష్‌ది. ఇంటర్ రెండుసార్లు తప్పింది అతనే గానీ ముక్కు కాదు. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ఒక్క తుమ్ము తుమ్మి, లోపలున్న మిరప తేజా రకమో బాడిగ రకమో చెప్పేస్తాడు. ఒకసారి దాచేపల్లిలో స్తంభం మీంచి జారిపడుతూ, నేలకు చేరేలోగా కేబుల్‌కు క్లిప్పు బిగించేశాడట. ఈ మాట ఎక్కువగా చెప్పేది అతనేననుకోండి.

అలాంటి మనిషికి ఒక టీవీతో పోటీ వచ్చింది.

నరసరావుపేట రోడ్డులో ఒకే యజమానికి ఐదు కోల్డ్ స్టోరేజీలున్నాయి. మిరప టిక్కీ, అంటే బస్తా, లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా దాని చీటీని చేతి స్కానర్ చదవాలి. స్కానర్‌కు వైఫై అందాలి. ఆ వైఫై డబ్బాలు బిగించి, పన్నెండేళ్లుగా బండికి నిచ్చెన కట్టుకుని తిరుగుతున్నవాడు కోటేష్. ఈ వేసవిలో గుంటూరు ఆఫీసుకు కొత్త సాఫ్ట్‌వేర్ దిగింది. ఐదుచోట్ల ఉన్న డబ్బాలన్నీ గోడ మీది తెరలో చుక్కలై కనిపిస్తాయి. బాగుంటే పచ్చచుక్క, పోతే ఎర్రచుక్క. మేనేజరు లక్ష్మీకాంత్ దానికి పొద్దున్నే అగరుబత్తి తిప్పడమొక్కటే తక్కువ.

“నెల రోజులు అన్నీ పచ్చగా ఉంటే ఇక మనిషితో పనిలేదు కోటేషూ,” అన్నాడాయన.

ఆ రోజు నుంచి ఆ తెర కనబడితే చాలు, పాచిపోయిన పప్పు మూత తీసినట్టు కోటేష్ ముక్కు మూసుకునేవాడు.

ఇరవై తొమ్మిదో రోజున బస్తాలు మోసే కూలీల ముఠా మేస్త్రి మీరా హుస్సేన్ ఫోన్ చేశాడు. “ఒరేయ్ కోటేషూ, మూడో ఛాంబర్లో స్కానర్లు చచ్చినయ్ రా. లారీ ఆగిపోయింది. రైతు బాపయ్య గారు నా టిక్కీలు ఇస్తారా ఇవ్వరా అని గేటు కాడ కేకలేస్తన్నారు.”

కోటేష్ ఆఫీసుకెళ్లి సంగతి చెబితే లక్ష్మీకాంత్ తెర చూశాడు. మూడో ఛాంబర్ పచ్చగా మెరుస్తోంది. “డబ్బా బాగుంది. కూలీలే స్కానర్లు వాడటం లేదు. ఇదిగో, దానికి కలిసిన స్కానర్లు సున్నా.”

“వాళ్లు వాడుతున్నారు సార్, సిగ్నల్ అందట్లేదు. పచ్చచుక్క ఉందంటే డబ్బాలో కరెంటుందని, అంతే.”

“సాఫ్ట్‌వేర్ కన్నా నీకెక్కువ తెలుసా?”

“దానికి జలుబు సార్. వాసన తెలీదు.”

“పద, చూద్దాం. తప్పు నీదైతే రేపట్నుంచి రావద్దు.”

ఛాంబర్లో డబ్బా కనిపించలేదు. అది ఉండాల్సిన చోట టిక్కీలతో కోట లేచి ఉంది. చుట్టూ ఆరేసి వరసలు, పైన రెండు వరసల కప్పు.

“ఇదేంటి బాబాయ్?” అని కోటేష్ మేస్త్రిని అడిగాడు.

“సారే గదరా చెప్పింది! డబ్బాకి గీత పడితే ముఠా మొత్తాన్ని తీసేస్తానన్నారు. ఎవడూ తగలకుండా పేర్చాం. చీమ కూడా దూరదు.”

“చీమ సంగతి తర్వాత, సిగ్నల్ బయటికి రావద్దా!”

కూలీలు కోట కూల్చారు. ఆ ఘాటుకు లక్ష్మీకాంత్ తుమ్మిన తుమ్ములకు పిడుగురాళ్లలో రాళ్లు వాటంతటవే పగిలాయి. స్కానర్ కీచుమంది. బాపయ్య టిక్కీలు కదిలాయి.

లక్ష్మీకాంత్ కళ్లు తుడుచుకుంటూ యజమానికి ఫోన్ చేశాడు. “లోపాన్ని సాఫ్ట్‌వేర్ పట్టేసిందండి. ఆఫీసు నుంచే సరిచేశాం.” తర్వాత రిజిస్టరు కోటేష్ ముందుకు తోశాడు. “అదే రాసి సంతకం పెట్టు. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. రేపట్నుంచి తెర ముందు కూర్చో. ఏసీ గది.”

ఉద్యోగం కోటేష్‌కు అవసరమే. కలం పట్టుకుంటే మాత్రం ఎవడో నమిలి ఉమ్మిన కిళ్లీ మీద చెయ్యి పడ్డట్టయింది. రాశాడు: “డబ్బా చుట్టూ టిక్కీలు పేర్పించింది మేనేజరు గారు. తీసింది మీరా హుస్సేన్ ముఠా. అప్పుడూ ఇప్పుడూ సాఫ్ట్‌వేర్ పచ్చగానే ఉంది.”

“ఉద్యోగం పోద్దిరా!” అని మేస్త్రి గొణిగాడు.

“పోనీ బాబాయ్. రోజంతా ఆ చుక్కల మొహం చూసేకంటే మిరపకోతలకి పోవటం నయం.”

మెడలోని గుర్తింపు కార్డు తీసి రిజిస్టరు మీద పెట్టి, బయట కుళాయి దగ్గరికి నడిచాడు. సబ్బు లేదు. మట్టి తీసుకుని రెండు చేతులూ మోచేతుల దాకా రుద్దుకున్నాడు.