పేరు లేని కట్

ఈ ఉదయం కొత్త తెల్లబట్ట గంజి వాసనకి బ్రూక్షాబాద్‌లో మా పాత ఇల్లు గుర్తొచ్చింది. అమ్మ అక్కడ జాకెట్లు కుట్టేది. బోట్ నెక్, కటోరీ, ప్రిన్సెస్ కట్... ఆ కట్‌ల పేర్లన్నీ మిషన్ పక్కన కూర్చునే నేర్చుకున్నాను.

మామ్మ పోయిన రోజు అమ్మ ఆవిడ తెల్ల జాకెట్టుని వీపు మీద పైనుంచి కిందిదాకా కత్తిరించింది.

“ఈ కట్ పేరేంటమ్మా?”

“దీనికి పేరు లేదు బేటీ.”

నాకు చెప్పకుండా దాస్తోందనుకున్నాను. క్రిస్మస్‌కి, “నాకూ మామ్మ జాకెట్టుకి వేసిన కట్ కావాలి” అని పేచీ పెట్టాను. అమ్మ కత్తెర కింద పెట్టేసి, నన్ను దగ్గరికి లాక్కుని చాలాసేపు వదల్లేదు.

ప్రాణం పోయి బిగుసుకుపోయిన చేతులకి జాకెట్టు మామూలుగా ఎక్కదు. ఈ ఉదయం అమ్మ తెల్ల జాకెట్టుని, అమ్మ కత్తెరతోనే, వీపు మీద నేనే కత్తిరించాను.

అమ్మ నా దగ్గర ఏ పేరూ దాచలేదు.