నలభై రెండో స్లాట్

దయ్యం కథ మొదలుపెట్టేవాళ్లెవరైనా కనిపిస్తే నేను టీ తాగడానికి లేచి వెళ్లిపోయే రకం. కొలతకు దొరకనిది ఏదీ నేను నమ్మను. సౌదీలో, రాస్ తనూరా రిఫైనరీలో పద్నాలుగేళ్లుగా ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. ప్రెషర్ గేజ్‌లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో చూడటం నా పని. ఇన్నేళ్లలో నేను రాసిన రీడింగ్ ఒక్కటీ తప్పని వెనక్కి రాలేదు. మా ఈజిప్షియన్ ఇన్‌స్పెక్టర్ షీట్ మీద నా పేరు చూస్తే చాలు, “రమణా? ఖలాస్, అయిపోయినట్టే!” అని సంతకం పెట్టేస్తాడు. గొప్పలు పోతున్నానంటారా? గొప్ప విషయమే మరి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ పరికరాన్నైనా ముట్టుకునే ముందు, అది ఉన్నది ఉన్నట్టుగా ఎంత చూపిస్తోందో ఒక గడిలో రాయాలి. సరిచేశాక ఎంత చూపిస్తోందో పక్క గడిలో రాయాలి. ఆ పక్కన సరిచేసినవారి పేరు, చివరి గడిలో సాక్షి సంతకం. జరిగిందంతా ఆ షీట్ మీదే జరిగింది కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

ప్రభుదాస్ అన్న సొంతూరు భీమవరం. మా క్యాంపులో వెల్డింగ్ ఫోర్‌మన్, నా రూమ్మేటు. గిటార్ అంటే ప్రాణం. కానీ గదిలో నలుగురం, తలా ఒక షిఫ్టు. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. అందుకని గిటార్‌ని ఒక డిజిటల్ డబ్బాకు తగిలించి హెడ్‌ఫోన్స్‌లో వాయించుకునేవాడు. పెద్ద పెద్ద యాంప్లిఫయర్ల గొంతుల్ని అనుకరించే డబ్బా అది. గెయిన్, బాస్, మిడిల్, ట్రెబుల్, గదిలో ప్రతిధ్వనిలా వినిపించే రీవర్బ్, ఈ నాబ్‌లన్నీ తిప్పి తిప్పి, తనకు నచ్చిన సౌండు కుదిరితే ఒక స్లాట్‌లో దాచుకునేవాడు. తొమ్మిదేళ్లలో నలభై ఒకటి దాచాడు. మాకు మాత్రం వట్టి తీగల టిక్కుటిక్కులే వినపడేవి.

భార్య రూతమ్మ వదిన దగ్గర్లోని దమ్మామ్ నగరంలో నర్సు. ఆవిడ హాస్టల్లో, ఈయన క్యాంపులో. కూతురు కీర్తన భీమవరంలో అమ్మమ్మ దగ్గర. “దమ్మామ్‌లో ఫ్లాట్ తీసుకున్నాక స్పీకర్ పెట్టి వాయిస్తాన్రా, అప్పుడు వినండి నా సంగతి” అనేవాడు అన్న. ఆ ఫ్లాట్ చూడకుండానే పోయిన ఏడాది గుండెపోటుతో పోయాడు.

ఈ ఏడాది వదిన ఫ్లాట్ తీసుకుంది. కీర్తన విజిట్ వీసా మీద వచ్చింది. తండ్రి గిటార్ మీదే నేర్చుకుంటోంది. డబ్బా మాత్రం నా లాకర్లోనే ఉంది, పాడైంది కనుక. ఆన్ చేసిన పది నిమిషాలకల్లా స్క్రీన్ బిగుసుకుపోయేది. కీర్తన ఫోన్ చేసింది. “బాబాయ్, అది బాగవ్వకపోయినా పర్లేదండి. నాన్న సౌండ్లు పోకుండా చూడండి చాలు. ఇండియా వెళ్లేలోపు ఒక్కసారి వినాలి.” తండ్రి వాయిస్తుండగా ఆ పిల్ల ఎదురుగా కూర్చుని విన్నదే లేదు.

డబ్బాని లోపలినుంచి నడిపించే ఫర్మ్‌వేర్ కొన్నప్పటిది. కొత్తది ఎక్కిస్తే బిగుసుకుపోవడం తగ్గుతుందని తయారుచేసినవాళ్లే రాశారు. దాచుకున్న సౌండ్లన్నీ తుడుచుకుపోతాయని, ముందే కంప్యూటర్లోకి కాపీ తీసుకోమని కూడా రాశారు. కాపీ తీసే సాఫ్ట్‌వేర్ అంత పాత ఫర్మ్‌వేర్‌ని అసలు గుర్తుపట్టలేదు. కాపీ తీయాలంటే ముందు అప్‌డేట్ చేయాలి, అప్‌డేట్ చేస్తే కాపీ తీయడానికి ఏమీ మిగలదు.

ఇంకొకడైతే చేతులెత్తేసేవాడు. నేను షీట్ తీశాను.

ఒక శుక్రవారం భోజనాలయ్యాక కూర్చున్నాను. డబ్బా ఆన్ చేయడం, బిగుసుకుపోయేలోపు ఎన్ని స్లాట్లయితే అన్నిట్లో ఒక్కో నాబ్ విలువా రాసుకోవడం, ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయడం. అన్న అలవాటొకటి అప్పుడే బయటపడింది. నలభై ఒక్కదాంట్లోనూ మిడిల్ 6.2 మీదే ఉంది. రీవర్బ్ మాత్రం ఎనిమిదికి తగ్గలేదు. నలభై రెండు నుంచి వంద దాకా ఖాళీ, అన్ని నాబ్‌లూ ఐదు మీదే ఉన్నాయి. మా పనిలో ‘పైదే’ అని గీత గీయడం ఉండదు. ఖాళీవి కూడా వరసకొకటి చొప్పున రాశాను.

ఇంకో రూమ్మేటు బషీర్ది కడప, ఎలక్ట్రీషియన్. ఉన్న రీడింగులకి సాక్షిగా షీట్ అడుగున సంతకం పెట్టమన్నాను.

“ఏందన్నా, గిటార్ డబ్బాకు గూడా సాక్షి గావాల్నా?” అని నవ్వాడు గానీ, వంద స్లాట్లూ తిప్పి చూసే సంతకం పెట్టాడు.

పాతదాని మీద ఒక్కసారిగా కొత్తది ఎక్కదు. మధ్యలో వచ్చిన వెర్షన్ ఒకటి ముందు ఎక్కించి, దాని మీద కొత్తది ఎక్కించాలి. రెండోసారి సగంలో ఆగిపోయింది. పావుగంట కదల్లేదు. బషీర్ ప్లగ్ పీకెయ్యమంటాడు. పీకితే డబ్బా చచ్చిపోతుందని నేను ప్లగ్గుకి అడ్డంగా కూర్చున్నాను. చివరికి పూర్తయింది. వంద స్లాట్లూ తుడుచుకుపోయి ఐదులు చూపించాయి. డబ్బా లాకర్లో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది.

మరుసటి శుక్రవారం పగలంతా కూర్చుని షీట్ చూసుకుంటూ నలభై ఒక్క సౌండ్లూ చేత్తో తిరిగి పెట్టాను. ఒక్కటీ పోలేదు. అంతటి పని నేను తప్ప ఇంకెవరు చేస్తారని బషీర్‌తో రెండుసార్లు అన్నాను కూడా. ఇక చివరిసారిగా వందా సరిచూసుకుంటూ వెళ్తే, నలభై రెండు ఖాళీగా లేదు.

పేరు లేదు. విలువలున్నాయి. మిడిల్ 6.2. రీవర్బ్ సున్నా.

నేనే పొరపాటున ఏదో సౌండు అక్కడ కూడా పెట్టానేమోనని నలభై ఒక్కదాంతోనూ పోల్చాను. దేనితోనూ కలవలేదు. కొత్త ఫర్మ్‌వేర్‌తో వచ్చిందేమో అంటే, తుడిచిన రోజు నేను చూసినప్పుడు అందులో ఐదులే ఉన్నాయి. బషీర్ షీట్ చూసి, తన సంతకం చూసుకుని, మెల్లిగా అన్నాడు.

“యాడనో తప్పు రాసింటావులే అన్నా.”

వాడితో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ వారం దమ్మామ్ వెళ్లాను. ఫ్లాట్‌లో ఇంకా సామాను చేరలేదు. వట్టి గోడలు, టైల్స్ నేల, మాట్లాడితే గొంతు తిరిగి వినిపిస్తోంది. వదిన చిన్న స్పీకర్ కొని ఉంచింది. కీర్తన గిటార్ తగిలించి మొదటి స్లాట్ నొక్కింది. గదంతా బొయ్యిమని మోగింది, ఏ తీగ ఏదో తెలియలేదు. రెండోదీ అంతే, పదోదీ అంతే. పిల్ల ముఖం చిన్నబోయింది. నాకు అప్పుడు వెలిగింది. అవన్నీ హెడ్‌ఫోన్స్ కోసం చేసినవి. హెడ్‌ఫోన్స్‌లో గది ఉండదు కాబట్టి అన్న రీవర్బ్ పోసి గదిని తయారుచేసుకున్నాడు. ఇక్కడ నిజంగానే గది ఉంది.

నలభై రెండు గురించి వాళ్లకి నేను చెప్పలేదు. “నలభై రెండు నొక్కమ్మా” అన్నాను.

ఒక్కసారి మీటింది. ప్రతి తీగా విడివిడిగా, మెత్తగా, గది నిండా పలికింది. ఆ గోడల్ని చూసి, ఆ స్పీకర్ని చూసి పెట్టినట్టుంది. వంటింట్లో కుళాయి ఆగింది. వదిన తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఇది ఆయనే రమణా. పెళ్లయిన కొత్తలో ఇంట్లో వాయిస్తే ఇలాగే ఉండేది.”

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆ షీట్ కీర్తన చేతిలో పెట్టాను, డబ్బాతో పాటు ఉంచుకోమని. నలభై ఒక్క వరసల్లో ‘సరిచేసినవారు’ గడిలో నా పేరుంది. నలభై రెండులో ముందు ఐదులు, తర్వాత కొత్త విలువలు, పేరు గడి ఖాళీ. ఆ పిల్ల పెన్ను అడిగి, ఆ గడిలో తండ్రి పేరు రాసి, సాక్షి గడి నాకు చూపించింది.

ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా రీడింగ్ తప్పని ఒప్పుకుంటే ఇందులో వింతే లేదు, అక్కడితో అయిపోతుంది. కానీ తప్పు కాదు. పద్నాలుగేళ్లలో కళ్లతో చూడనిదానికి, చెవులతో విననిదానికి నేను సంతకం పెట్టి ఎరగను.

ఆ రోజూ అలా పెట్టలేదు. విన్నాను, సంతకం పెట్టాను.