పేరు చివర చెప్పే దేవేంద్రప్ప

మా దేవేంద్రప్ప అయ్యవారికి ఒకటే జబ్బు. చెట్టు కనపడితే దాని పేరు వెంటనే చెప్పలేడు. ఆకు చూడాలి, కొమ్మ చూడాలి, బెరడు గీకాలి, పూత ఉంటే పూత, కాయ ఉంటే కాయ పట్టుకుని లక్షణాలన్నీ పైకి చదవాలి. అవన్నీ కుదిరాకనే పేరు నోట్లోంచి ఊడిపడేది. తన పెరట్లో ఉన్న చెట్టయినా సరే, పొద్దున పళ్లపుల్ల విరుచుకున్న చెట్టయినా సరే, పేరు చివర రావలసిందే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కోడుమూరు దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన సైన్సు చెప్పేవాడు, నేను లెక్కలు చెప్పేవాణ్ణి. నా పేరు ప్రేమయ్య. ఎంతరా అంటే ఇంత అని టక్కున జవాబు రావాలనే రకం నేను. ఆయనదీ నాదీ పక్కపక్క ఇళ్లు, నడుమ నడుమెత్తు మట్టిగోడ. మా ఇద్దరినీ పక్కపక్కన కాపురం పెట్టించినవాడెవడో గానీ, వాడికి వేడుక చూడాలని బాగా సరదా ఉండి ఉంటుంది.

ఒకరోజు పొద్దున ఆయన భార్య రామేశ్వరమ్మ పప్పుకు తిరగవాత పెట్టబోతూ, "ఇదిగో, మిమ్మల్నే, పెరట్లోంచి రెండు రెబ్బలు కరివేపాకు తెంచుకరాండి" అని కేకేసింది. ఆయన పోయి చెట్టు ముందు నిలబడ్డాడు. జేబులోంచి భూతద్దం తీశాడు. గోడకు ఈవల నేను మొహం కడుక్కుంటున్నాను.

"సంయుక్త పత్రం" అన్నాడు, చెట్టుతోనే. "ఒక ఈనెకు శానా పత్రకాలు ఉండాయి. సరే. అంచు ఎట్ల ఉండాది?"

"నూనె పొగలు వస్తాండాది" అని లోపలి నుంచి రామేశ్వరమ్మ.

"ఉండు మే. పక్కనే వేపమొలక ఉండాది. వేపకైతే పత్రకం అంచు రంపం మాదిరి ఉంటాది, మొదలు ఒక పక్కకు ఒరిగి ఉంటాది. చూసుకోవాల్నా, వద్దా?"

"ఆ చెట్టు నాటింది నేను. అది కరివేపాకే."

"నాటినోళ్ల మాట లెక్కలోకి రాదు."

చివరికి "కరివేపే, సందేహం లేదు" అంటూ రెండు రెబ్బలు పట్టుకుని లోపలికి పోయేసరికి ఆవాలు బొగ్గులయ్యాయి. ఆ తర్వాత రామేశ్వరమ్మ తెలివి తెచ్చుకుని, ఆయన నిద్ర లేవకముందే కరివేపాకు కోసి చాటలో పెట్టుకునేది.

క్లాసులో అయితే మరీ. కొమ్మ పైకెత్తి చూపించినప్పుడు ఎవడన్నా "వేప సార్" అన్నాడా, వాడు బెంచీ ఎక్కాల్సిందే. "పేరు మీ అవ్వకు గూడా తెలుసు. లక్షణం చెప్పు" అనేవాడు. పత్రవృంతం అంటే ఆకుకాడ అనీ, కణుపుకొక ఆకు అటొకటి ఇటొకటి మారి మారి వస్తే ఏకాంతరం అనీ, కణుపుకు రెండాకులు ఎదురెదురుగా నిలబడితే అభిముఖం అనీ పిల్లలు నిద్రలో కూడా అప్పజెప్పేవాళ్లు. పదమూడో ఎక్కం మాత్రం ఒక్కడికీ రాదు. నాకు కడుపు మండేది. పైగా ఆ వెధవలు నేర్చుకున్నది మామీదే వాడారు. రోజు విడిచి రోజు బడికొచ్చే మా హెడ్మాస్టరును ఏకాంతరం అన్నారు. నన్నూ మా ఇంటిదాన్నీ అభిముఖం అన్నారు. మా పోట్లాటలు వీధిలోకి వినపడేవి లెండి.

ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి, కిటికీలోంచి బయటికి చూపించి బొజ్జన్న అనే కుర్రాణ్ణి అడిగాడు, "అదేం చెట్టు?"

"సంయుక్త పత్రం సార్. పత్రకం అంచు రంపం మాదిరి ఉండాది సార్. బెరడు బూడిదరంగు సార్."

"పేరు చెప్పు నాయనా."

"పూత రానీండి సార్, చెప్తా."

ఇన్‌స్పెక్టరు కోపంగా దేవేంద్రప్ప వైపు తిరిగాడు. దేవేంద్రప్ప కళ్లు చెమర్చి ఉన్నాయి, కొడుక్కు కలెక్టరు ఉద్యోగం వచ్చినంత సంబరంగా.

ఇంకొకసారి ఇద్దరం నడిచి సంతకు పోతున్నాం. మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తి మాడుస్తోంది. దారిలో ఒక చెట్టు కనపడింది. "అన్నా, ఆ నీడన కాసేపు కూలబడదాం" అన్నాను. "ఏం చెట్టో తెలుసుకోకుండానా?" అన్నాడు. నేను తువ్వాలు పరుచుకుని పడుకున్నాను. ఆయన ఎండలో చెట్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. నేను ఒక కునుకు తీసి లేచేసరికి చెమటలు కక్కుతూ వచ్చి, "కానుగ" అని తృప్తిగా చెప్పాడు. చెప్పి, "ఇంగ పోదాం పద" అన్నాడు. ఆ నీడలో ఆయన కూర్చున్నదే లేదు.

సరే, అసలు సంగతికి వస్తాను.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. జొన్నచేలు మోకాలెత్తుకు రాకుండానే ఎండిపోయాయి. ఊళ్లో నిండుగా కాసింది ఏదన్నా ఉందంటే ఈరక్క చింతచెట్టు ఒక్కటే. కర్నూలు రోడ్డు మలుపులో ఉంటుందది. ఈరక్క మామ నాటిన చెట్టు. నేల సర్కారుది, కాయ మాత్రం ఈరక్కది, అందుకు పట్టా కూడా ఉంది. మొగుడు పోయాక ఇద్దరు చిన్నపిల్లల్ని పెట్టుకుని ఆమె ఆ చెట్టుమీదే బతుకుతోంది. చింతపండు సంతకు మోసుకుపోయి జొన్నలకు మార్చుకొచ్చేది. ఆ ఏడు కొమ్మలు నేలకు వంగేట్టు కాసింది. కానీ ఇంకా పచ్చికాయ. శివరాత్రి దాటితే గానీ పండదు.

మార్గశిరంలో రోడ్డు వెడల్పు చేసేవాళ్లు దిగారు. రాజధానికి పోయే కార్లకు దారి చాలడం లేదట. ఓవర్సీరు తిమ్మయ్యది బద్వేలు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, పైనుంచి తొందరపెట్టేవాళ్లు ఎక్కువ. చింతచెట్టుకు సున్నం గుర్తు పెట్టించాడు. పరిహారం ఇస్తారు, ఇవ్వరని కాదు, అది వచ్చేసరికి ఏడాది పడుతుంది. ఈలోగా ఆ పిల్లలు ఏం తింటారన్నది ఎవరి పనీ కాదు.

ఆ సాయంత్రం ఈరక్క దేవేంద్రప్ప ఇంటికొచ్చింది. నేనూ అక్కడే అరుగుమీద ఉన్నాను.

"అయ్యోరూ, మీరు సదువుకున్నోళ్లు. పండు దించుకునేదాంక చెట్టు మీద చెయ్యి ఎయ్యొద్దని ఆయప్పకు ఒక మాట సెప్పండి. ఈ ఏడు మాకు జొన్నలు ఇంగ యాడ నుంచి వస్తాయి?"

దేవేంద్రప్ప పంచె అంచుతో భూతద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు. "నేను చెప్తే ఆయప్ప వింటాడా ఈరక్కా. నాది ఆకులు చూసే పని. ఇంటికి పో తల్లీ" అన్నాడు.

ఆమె కొంగుతో మొహం ఒత్తుకుంటూ వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. "ఒక మాట చెప్తే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా అన్నా?" అన్నాను. ఆయన భూతద్దంలోంచి గోడమీది చీమను చూస్తూ ఉండిపోయాడు.

చెట్టు కొట్టాలంటే అది ఏ జాతి చెట్టో సైన్సు చదివిన ఉద్యోగి చూసి సంతకం పెట్టాలట. ఫారెస్టు రేంజరు నాలుగు నెలల సెలవులో ఉన్నాడు. ఇక చుట్టుపక్కల సైన్సు చదివినవాడు దేవేంద్రప్ప ఒక్కడే. తెల్లారి ఆయన్ను పిలుచుకుపోయారు. ఊరంతా రోడ్డు మలుపులో చేరింది. కొట్టేవాళ్లు గొడ్డళ్లు నూరుకుంటున్నారు. ఈరక్క చెట్టు మొదలు పట్టుకుని కూర్చుంది.

"చింతచెట్టు అయ్యవారూ. ఈడ ఒక సంతకం పెడితే సరిపోతాది" అన్నాడు తిమ్మయ్య.

"చింత అని ఎవరు చెప్పినారు?"

"ఊరు ఊరంతా చెప్తాండాది."

"ఊరు సైన్సు చదివిందా?"

దేవేంద్రప్ప రెమ్మ విరిచి భూతద్దం పెట్టాడు. "పత్రకాలు జతలు జతలుగా ఉండాయి. కొసన ఒంటి పత్రకం లేదు. చింతకు ఇట్లే ఉంటాది. అయితే ఇంకా శానా చెట్లకు ఇట్లే ఉంటాది. బెరడు నల్లగా బీటలు వారి ఉండాది. తుమ్మకు గూడా అంతే. పూత యాడ?"

"పూత వానాకాలంలో గదా సామీ వచ్చేది."

"మరి పూత చూడకుండా ఎట్ల చెప్పేది? కేసరాలు లెక్కపెట్టాల గదా."

తిమ్మయ్య తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "అంటే వానలు పడేదాంక నన్ను ఈడనే కాచుకోమంటారా?"

"అంత అవసరం లేదులే. పండు చూస్తే చాలు. లోపల గుజ్జు కట్టాల, పైపెచ్చు ఎండి పెళుసు కావాల, గింజ నున్నగా మెరవాల. అప్పుడు చెప్తా."

కొట్టేవాళ్లలో సుంకన్న అనే అతను ఒక పచ్చికాయ కొరికి మొహం చిట్లించాడు. "పుల్లగా ఉండాది అయ్యోరూ. చింతే ఇది."

"ఉసిరికాయ గూడా పుల్లగానే ఉంటాదప్పా" అని దేవేంద్రప్ప చెప్పులు వేసుకుని బడికి వచ్చేశాడు.

తిమ్మయ్య తిట్టుకోని తిట్టు లేదు. సంతకం కోసం వేరే ఆఫీసుకు రాస్తే జవాబు రావడానికి ఇంకా ఆలస్యం. చేసేది లేక ఆ మలుపు వదిలేసి ముందు పని మొదలుపెట్టించాడు.

ఇక ఊరి నవ్వు చూడాలి. చింతచెట్టు తెలీని సైన్సు అయ్యవారని కోడుమూరు సంత దాకా పాకింది. బావి దగ్గర ఆడవాళ్లు, "మీ ఇంట్లో చారు దేంతో కాస్తారమ్మా?" అని రామేశ్వరమ్మను అడిగారు. ఆమె బిందె సగం నింపుకుని వచ్చేసింది. హెడ్మాస్టరు ఆయన్ను గదిలోకి పిలిచి, పైకి ఫిర్యాదు పోయిందనీ, నల్లమల అంచుకు బదిలీ అయినా అవుతుందనీ చెప్పాడు. "అడవి అంచా, అయితే మంచిదే. చెట్లు ఉంటాయి" అన్నాడట ఈయన.

వారం వారం భూతద్దం పట్టుకుని రోడ్డు మలుపుకు పోయేవాడు. ఒక కాయ తెంచి, పగలగొట్టి చూసి, "ఇంకా గుజ్జు కట్టలేదు" అని తిమ్మయ్య మనుషులకు చెప్పి వచ్చేవాడు. ఆ తెంచిన కాయకు ఈరక్క శాపనార్థాలు పెట్టేది. "ఉండేదాంట్లో మీరు గూడా తెంచకపోతే ఎట్ల అయ్యోరూ? తెలీకుంటే మీ పెండ్లాన్ని అడగగూడదా?" అనేది. ఆయన తలొంచుకుని వచ్చేవాడు.

శివరాత్రి దాటింది. కాయ పండింది. ఈరక్క మనుషుల్ని పిలుచుకుని చెట్టెక్కించి దులిపించింది. బండి నిండా చింతపండు ఇంటికి చేరింది. ఆ పిల్లలిద్దరూ బండిమీద కూర్చుని, నోటి నిండా పండు పెట్టుకుని, వీధి వీధంతా గింజలు ఊస్తూ పోయారు.

మరుసటి పొద్దున దేవేంద్రప్ప ఇంటిముందు పీట వేసుకుని మంగలి బసవన్నతో గడ్డం గీయించుకుంటున్నాడు. నేను నా వంతు కోసం కాచుకుని ఉన్నాను. తిమ్మయ్య సైకిలు దిగాడు. మనిషి నలిగిపోయి ఉన్నాడు.

"అయ్యవారూ, మీకు దండం పెడతా. ఈ పొద్దయినా వచ్చి చూసి, అది ఏం చెట్టో చెప్పండి."

దేవేంద్రప్ప మొహం నిండా నురగ. కళ్లు మూసుకునే ఉన్నాడు.

"చింత" అన్నాడు.

బసవన్న కత్తి గాల్లో ఆగిపోయింది. నేను లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ల స్నేహంలో ఆయన నోట చెట్టు పేరు అంత తొందరగా రావడం నేను వినలేదు.

"చూడకుండానే చెప్తాండారే" అన్నాడు తిమ్మయ్య.

"చింతచెట్టును గూడా చూసి చెప్పాల్నా ఎవరన్నా?"

తిమ్మయ్య సైకిలు గోడకు ఆనించాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు, "ఆయమ్మ పండు దించుకునిందా?"

"నిన్న దించుకునింది."

"నాకు చెప్పింటే నేనే ఆపింటా గదయ్యా."

"ఆపింటావా?"

తిమ్మయ్య నిజాయితీగా ఆలోచించాడు. "ఆపింటా అని చెప్పలేనులే" అన్నాడు. అని ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నురగ మొహంతోనే దేవేంద్రప్ప సంతకం పెట్టి ఇచ్చాడు. తిమ్మయ్య పోతూ పోతూ, "పైకి పంపిన ఫిర్యాదు నేనే వాపసు తీసుకుంటా. మీరు ఈడనే ఉండండి" అని చెప్పిపోయాడు.

నాకు మాత్రం ఆగలేదు. "మరి ఆ రోజు ఈరక్కను అట్ల ఎందుకు పంపించేస్తివన్నా? చెవిలో ఒక మాట వేసింటే ఆమె ఏడ్చేది కాదు గదా."

"చెప్పింటే సంతోషంతో ఊరంతా చెప్పుకునేది. తిమ్మయ్యకు తెలిసిపోయేది. బతిమాలితే కాదనొచ్చు ప్రేమయ్యా. నాకు తెలీదంటే ఆయప్ప ఏం చేస్తాడు చెప్పు? చెట్టును ఆపడం నా చేతుల్లో లేదు. పండు దించుకునేదాంక ఆపితిని, అంతే." బసవన్న వైపు రెండో చెంప తిప్పాడు. నాకు ఆయన్ను ఆ పీటమీదనే కావలించుకోవాలనిపించింది, నురగ అంటుతుందని ఊరుకున్నాను.

మేం బడికి బయల్దేరుతుంటే ఈరక్క ఎదురొచ్చింది. చేతిలో చిన్న గంప, దాన్నిండా కొత్త చింతపండు. దేవేంద్రప్ప ముందు దించి, ఒక పండు తీసి, పసిపిల్లాడికి చూపించినట్టు ఆయన కళ్లముందు పట్టుకుంది.

"ఇదో అయ్యోరూ, బాగా సూడండి. సింతపండు అంటే ఇది. పైన పెచ్చు, లోపల గుజ్జు, దాంట్లో గింజ. పెద్దోళ్లు మీరు, నలుగురూ నవ్వుతాంటే నాకే మనసుకు బాగలేదు. ఇంగనైనా మర్సిపోవద్దండి."

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. దేవేంద్రప్ప నా కాలు గట్టిగా తొక్కాడు. భూతద్దం తీసి ఆ పండును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అవునే ఈరక్కా, చింతే" అన్నాడు. "బాగా చూపించినావు తల్లీ. ఇంగ మర్చిపోను."

ఆమె తృప్తిగా తల ఊపి వెళ్లిపోయింది. ఆయనవి మేకులు కొట్టిన తోలుచెప్పులు. ఆ పూట నేను బడికి కుంటుకుంటూ పోయాను.