మమ్మును ఏలువారి కొరకు

డిసెంబరు వచ్చిందంటే, హూడిలో మేముండే అపార్ట్‌మెంటు లిఫ్టులోకి ఏదో ఒక సాయంత్రం గులాబీ పువ్వుల పిండివంట వేగుతున్న వాసన, కాగిన నూనె, యాలకులు, కొబ్బరిపాలు కలగలిసి, ఏ అంతస్తు నుంచో వచ్చి చేరుతుంది. లిఫ్టు నన్ను పైకి మోసుకుపోతుంటే ఆ వాసన నన్ను తొంభైల నాటి నగర శివారు బొమ్మసంద్రలో, రేకుల కప్పు కింద ఆరాధన జరుపుకున్న మా చిన్న తెలుగు క్రైస్తవ సంఘం ముందు దింపేస్తుంది.

నాయన ఫ్యాక్టరీలో ఫిట్టరు, సంఘంలో పెద్ద, ఇంట్లో ఏది పాపమో ఏది కాదో తేల్చే న్యాయమూర్తి. లాటరీ టికెట్టు సరే, పాములూ నిచ్చెనల ఆట కూడా మాకు నిషేధమే. పాము సైతానని కాదు, పాచికలు జూదమని. పాచికలకు బదులు చింతపిక్కలు అరగదీసి ఆడినందుకు నా కాలిపిక్కల మీద బెత్తం ఆడింది.

మాతో ఆయనది కన్నడం కలిసిన సీమ తెలుగు. దేవుడితో మాత్రం బైబిలు తెలుగే. ప్రతి ఆదివారం అందరం మోకరించాక, "మమ్మును ఏలువారి కొరకు" అంటూ ఢిల్లీలో మొదలుపెట్టి మా పంచాయితీ దాకా దిగేవాడు. తాను ఓటు వేయనివాళ్ల కోసం ఇంకాస్త ఎక్కువసేపు ప్రార్థించేవాడు. నా మోకాళ్లు దేశభక్తితో తిమ్మిరెక్కేవి.

సంఘానికి ఎదురుగా సారాయి అంగడి ఉండేది. గాలి వీస్తే ఖాళీ ప్యాకెట్లు మా గుమ్మం దాకా వచ్చేవి. ఆరాధనకు ముందు పిల్లలం వాటిని పుల్లలతో ఏరి పారేసేవాళ్లం. శనివారం కూలి డబ్బులు ఆ అంగడిలోనే ఆగిపోయిన ఇళ్ల ఆడవాళ్లు ఆదివారం దేవుడి మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచి, ఏడ్చి కూర్చునేవాళ్లు. సర్కారే వేలం వేసి అమ్మిస్తుంటే తప్పేముంది అనేవాళ్లతో నాయన, చట్టం ఒప్పుకుంటే నేరం కాకపోవచ్చు గానీ పాపం కాకుండా పోదు అనేవాడు. ఈ వయసులో కూడా నాది ఆ మాటే.

ఆ అంగడి మా ప్రాంతపు లీడరుది. ఎన్నికలు దగ్గరపడిన ఒక క్రిస్మస్ ముందు ఆయన మా ఇంటికొచ్చాడు. నాయన తల్లి, మా అవ్వ, వంటింట్లో పీట మీద కూర్చుని గులాబీ పువ్వులు వేయిస్తోంది.

"పెద్దాయప్పా, మీ సమాధుల తోటకు జాగా నేనిప్పిస్తా. పండగనాడు మీ పీఠం కాడ నాకు రెండు మాటలు, మీ పాస్టరు అయ్యగారి నోట నా పేరు. అంతే."

నాయన ఆయన్ను గుమ్మం దాకా సాగనంపాడు. మా సంఘంలో ఎవరు పోయినా లారీలో నగరం అవతలికి మోసుకుపోవాల్సిన రోజులవి. తనను మాత్రం దగ్గర్లోనే పెట్టమని, అంత దూరాన ఒక్కదాన్నే ఉండలేనని అవ్వ ఏడాదిగా అడుగుతోంది. నాయన ఆమెకు ఒక్కగానొక్క కొడుకు.

లీడరు వెళ్లాక అవ్వే కదిలించింది. "ఏమప్పా, నోరు మూతపడిండాది?"

"దగ్గర్లోనే ఉండాలంటివి కదమ్మా."

"అంటిని. ఆఖరి దినాన లేపేవాడు యాడ పూడ్చిండినా లేపుతాడు లేప్పా. ఆ పీఠం మాత్రం ఆయప్పకియ్యొద్దు." అని ఇనుప అచ్చు మళ్లీ పిండిలో ముంచింది.

పండగనాడు లీడరు మనుషులతో వచ్చాడు. నాయన ఎదురెళ్లి ముందు వరసలో కుర్చీ వేయించాడు. పాస్టరు అయ్యగారు మెత్తని మనిషి, ఎటూ చెప్పలేక నాయన వైపు చూశారు. నాయన వెళ్లి పీఠం ముందు మోకరించాడు.

"తండ్రీ, మమ్మును ఏలువారి కొరకు, ఏలగోరువారి కొరకు వేడుకొనుచున్నాము. మా మధ్యనున్న ఈ సహోదరుని దీవించుము. ఆయన అంగడి వలన ఏడ్చుచున్న స్త్రీల కన్నీళ్లు ఆయనకు చూపించుము. దానిని మూయు మనస్సు ఆయనకు దయచేయుము."

ప్రార్థనలో ఒక కన్ను తెరిచి ఉంచడం నా అలవాటు. లీడరు తల వంచుకుని ఉన్నాడు. అందరూ ఆమెన్ అన్నాక, కాస్త వెనకగా, ఆయన కూడా అన్నాడు.

వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "కండ్లు మూసుకొని చానా బాగా తిట్టినావప్పా."

"తిట్టలేదప్పా. మోకరించి అడిగినా."

ఎన్నికల్లో లీడరు గెలిచాడు. జాగా రాలేదు. మరుసటి ఏడు వానల్లో అవ్వ పోతే లారీలోనే తీసుకెళ్లాం. దారి పొడుగునా నాయన ఆ పెట్టె మీద నుంచి చెయ్యి తీయలేదు.

ఇప్పుడు బొమ్మసంద్రలో ఆ రేకుల కప్పు లేదు, సారాయి ప్యాకెట్లూ లేవు. అంగడి ఉన్నచోట అద్దాల తలుపుల బారు ఉంది. సంఘానికి మేడ లేచింది. దగ్గర్లోనే సమాధుల తోట వచ్చింది, జాగా ఇప్పించిన నాయకుడి పేరు గేటు మీద పెట్టుకుని. నాయన పోయినప్పుడు మాత్రం, ఆయన కోరినట్టే, ట్రాఫిక్‌లో గంటల తరబడి ఆగుతూ అవ్వ పక్కకే చేర్చి వచ్చాం. పండగనాడు పీఠం దగ్గర నాయకులు వరసగా మాట్లాడతారు. వాళ్లకు శాలువాలు కప్పడానికి మేము చాలామందిమి ఉన్నాం. వాళ్ల ఎదుటే, వాళ్ల కోసమే, దేవుణ్ణి నాయనలా ఆ మాట అడగగల గొంతు మాత్రం మా సంఘంలో మళ్లీ వినపడలేదు.