ఒక్కపొద్దుకు ఆపిన సూది

ఓబులేసుకు సూది మానమని చెప్పింది నేను. ఎవరు ఆపమన్నారని ఆ రోజు వార్డులో అడిగినప్పుడు నోరు విప్పలేదు.

సైన్యంలో పదిహేడేళ్లు నర్సింగ్ అసిస్టెంటుగా చేసి వచ్చాక, ఉరవకొండ అవతల ఒక చిన్న ఆసుపత్రిలో ఏడాది కాంట్రాక్టుకు చేరాను. జూన్ చివర, మధ్యాహ్నం ఒంటిగంటకు బస్సు దిగాను. దున్నిపెట్టిన ఎర్ర చేలు. వాన లేదు. ఎనిమిది మంచాలు, రెండు ఆక్సిజన్ సిలిండర్లు. డ్యూటీ ఉదయం ఎనిమిది నుంచి. అందరూ నన్ను మిలిటరీ సార్ అనేవారు. ఆ పిలుపు నాకు బాగా నచ్చేది.

ఓబులేసు గొర్రెల కాపరి. ముప్పై ఏళ్లు. చిన్నప్పటి నుంచీ తొడకు పొడుచుకునే ఇన్సులిన్ సూది మీదే బతుకుతున్నాడు. ఒక శుక్రవారం మందుల కిటికీ దగ్గర నన్నడిగాడు.

"సార్, వాన కోసరం ఊరంతా మూడు దినాలు ఒక్కపొద్దు ఉంటాండాం, కూడు ముట్టం. సూది ఎట్ల?"

"కడుపులో కూడు లేకుండా సూదెందుకప్పా? ఆడనే కండ్లు తిరిగి పడిపోతావ్. మానుకో."

"అయితే పొట్టకూ సెలవే, తొడకూ సెలవే!" నవ్వుకుంటూ వెళ్లాడు.

సైన్యంలో నేను చూసింది చక్కెర జబ్బుకు మాత్రలు మింగేవాళ్లనే. ఉపవాసం ఉంటే వాళ్లకు మాత్ర తగ్గించేవాళ్లం. ఒంట్లో ఇన్సులిన్ అసలే తయారుకాని మనిషికి తిండి లేకపోయినా అది పూర్తిగా ఆపకూడదు. ఆపితే ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది, రక్తం ఆమ్లమవుతుంది. డాక్టరమ్మ పక్క గదిలోనే ఉంది. అడగలేదు.

సోమవారం తొమ్మిదీ నలభైకి అతన్ని ఆటోలో తెచ్చారు. తల్లి, భార్య నాగమ్మ వెంట ఉన్నారు. వాంతులు, కడుపునొప్పి. నోటి నుంచి మాగిన పండు వాసన. పడుకునే పరుగెడుతున్నట్టు ఊపిరి. మీటరు అంకె చూపించలేనంత చక్కెర.

"ముందు సెలైన్," అంది డాక్టరమ్మ. "పొటాషియం తెలిసేదాకా ఇన్సులిన్ ముట్టుకోవద్దు."

ల్యాబ్ అతను ఫోన్‌లో చెప్పాడు: "రెండున్నరే ఉండాది మేడమ్."

"పొటాషియం ఎక్కించండి. అది పెరగకుండా ఇన్సులిన్ ఇస్తే గుండె ఆగుతుంది." తర్వాత వాళ్లవైపు తిరిగింది. "సూది ఎవరు ఆపమన్నారు?"

"ఇంగెవరు? ఈ మహాతల్లే!" అంది తల్లి, కోడల్ని చూపిస్తూ.

"నేను యాడ చెప్పినానత్తా? ఆసుపత్రిలోనే చెప్పినారంట మేడమ్."

"ఇక్కడ అట్లా ఎవరూ చెప్పరమ్మా."

నేను సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ ఉండిపోయాను.

పొటాషియం ఇంకా ఎక్కుతుండగానే, పదకొండూ ఇరవై అయిదుకు గుండె ఆగింది. ఛాతీ నొక్కింది నేనే. పదకొండూ యాభైకి డాక్టరమ్మ ఇక చాలంది. శవాన్ని ఆటోలోకి ఎక్కించేటప్పుడు నాగమ్మ అతని చెప్పులు తీసుకోబోయింది. అత్త వాటిని లాక్కుంది.

కాంట్రాక్టు ముగిసి మా ఊరు తనకల్లు వచ్చేశాను. నాలుగేళ్లు. ఏ వాకిట్లో చెప్పుల జత చూసినా నాగమ్మ ఖాళీ చేతులే కనిపించేవి.

పోయిన నెల వాళ్ల ఊరు వెళ్లాను. నాగమ్మ చెనక్కాయలు ఒలుస్తోంది. అంతా చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"నేను కాదని నాకు తెల్సు కదప్పా. ఆయమ్మకు చెప్పుపో."

ఓబులేసు తల్లికి చెవుడు వచ్చింది. ఇరుగుపొరుగు బయటికి వచ్చేంత గట్టిగా చెప్పాను.

"అవ్వా, నీ కొడుకు సూది మానిపించింది నేను. నీ కోడలు కాదు. తప్పు నాది. ఇద్దరూ నన్ను మన్నించండి."